పేరు మీద మాసిక

ఆమె మొదటి పేరు ఈ కథలో ఎక్కడా రాదు, అడిగి లాభం లేదు. మిసెస్ సి. వి. హార్‌గ్రోవ్ అని మాత్రం చెప్తాను. ఆ 'సి' అంటే ఏమిటో తెలిసినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. తెలియకుండా ఉంటేనే బాగుండేది.

అట్లాంటాలో ఒక నల్ల ఆడపిల్లల కాలేజీలో, లైబ్రరీ కింద నేలమాళిగలో మా పత్రిక ఆఫీసు. నల్ల ఆడవాళ్ళ చరిత్ర మీద, చాకిరీ మీద, పాటల మీద, జబ్బుల మీద, నల్ల ఆడవాళ్ళే పరిశోధించి రాసిన వ్యాసాలు వేసేవాళ్ళం. ఏడాదికి రెండు సంచికలు. మా అమ్మలూ అమ్మమ్మలూ తెల్లవాళ్ళ ఇళ్ళలోకి పెరటి గుమ్మంలోంచే వెళ్ళారు గనక పత్రికకు 'ముందు గుమ్మం' అని పేరు పెట్టుకున్నాం. పెద్ద యూనివర్సిటీల పత్రికలు మా వ్యాసాలను చదివి, విషయం మరీ చిన్నదని తిప్పి పంపేవి. వాళ్ళ అమ్మలది చరిత్ర, మా అమ్మలది చిన్న విషయం. సరే, మా గుమ్మం మేమే కట్టుకున్నాం.

కట్టించింది డాక్టర్ ట్రింబుల్. అరవైకి దగ్గరపడిన మనిషి, నిటారుగా నడిచేది, నవ్వు అరుదు. ఆమె మెట్లు దిగుతున్న చప్పుడు వింటే నేను టేబులు మీది కాఫీ కప్పులు దాచేసేదాన్ని. పత్రిక లోపలి మొదటి పేజీలో 'సంపాదకురాలు: డాక్టర్ ఓ. బి. ట్రింబుల్' అని ఉంటుంది. దాని కింద చిన్న అక్షరాల్లో నా పేరు, వెర్డెల్ మేయో, సహాయ సంపాదకురాలు. ప్రూఫులు దిద్దడం, ప్రెస్సువాళ్ళతో పోట్లాడడం, వచ్చినవాళ్ళకు కుర్చీ వెయ్యడం నా పని.

ఆమె పెట్టిన నియమం ఒకటుంది. పేరు లేని ఆడది మా గుమ్మం తొక్కదు. వ్యాసంలో ఏ నల్ల స్త్రీ ప్రస్తావన వచ్చినా పూర్తి పేరు ఉండి తీరాలి. 'ఒక ముసలి దాది' అనో, 'ఫలానావారి వంటమనిషి' అనో రాస్తే ఎర్ర పెన్సిల్ పడేది. కారణం మాకందరికీ తెలుసు. ఒక మ్యూజియంలో ఆమె అమ్మమ్మ ఫొటో ఉంది. ఒళ్ళో తెల్ల పిల్లవాడు. కింద ఆ పిల్లవాడి పేరు ఉంది, వాడి తండ్రి పేరు ఉంది, పక్కన కూర్చున్న కుక్క పేరు కూడా ఉంది. అమ్మమ్మకు మాత్రం 'ఆయా' అని రాసి ఊరుకున్నారు. కొత్తగా చేరిన ప్రతి అమ్మాయికీ డాక్టర్ ట్రింబుల్ ఈ సంగతి చెప్పేది. కుక్క దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు గట్టిపడేది, కథ అక్కడితో ఆపేసేది.

పందొమ్మిది వందల ఎనభై నాలుగు వసంతకాలపు సంచికలో మొదటి వ్యాసం రెనీటా ఫాస్ అనే కుర్ర లెక్చరర్‌ది. అదే ఆమె మొదటి వ్యాసం. దక్షిణ జార్జియాలో లారెల్టన్ అనే చిన్న ఊళ్ళో ఒక కుట్టుగది గురించి. పగలు అక్కడ తెల్ల పెళ్ళికూతుళ్ళ గౌన్లు తయారయ్యేవి. సాయంత్రం కుట్టు నేర్చుకునే నెపంతో నల్ల ఆడవాళ్ళు చేరి, నల్లవాళ్ళను ఓటు దగ్గరికి రానివ్వకుండా నమోదు ఆఫీసులో అడిగే ప్రశ్నలకు జవాబులు బట్టీపట్టేవాళ్ళు. వీధిలో అడుగుల చప్పుడైతే మిషన్లు తొక్కేవాళ్ళు, ఆ రొదలో మాటలు వినపడేవి కావు. ఆ గదిని ఇరవై ఏళ్ళు నడిపిన దర్జీ మిసెస్ హార్‌గ్రోవ్. ఇప్పుడు ఎనభై దాటింది.

రెనీటా మొదట 'మిసెస్ సి. వి. హార్‌గ్రోవ్' అనే రాసింది. డాక్టర్ ట్రింబుల్ ఎర్ర పెన్సిల్‌తో 'సి అంటే?' అని గీసింది. రెనీటా మళ్ళీ లారెల్టన్ వెళ్ళి, చర్చి భోజనాల దగ్గర ముసలామెకు వరసకు చెల్లెలయ్యే ఒకామె చేత మాటల్లో ఆ పేరు చెప్పించింది. ముసలామెను అడగలేదు. ఆమె అచ్చులో చూసి మురిసిపోవాలని సంగతి దాచిపెట్టింది. వ్యాసం పేరులో, విషయసూచికలో, మొదటి వాక్యంలో ఆ పేరు చక్కగా పూర్తిగా పడింది.

శుక్రవారం సాయంత్రం సంచిక విడుదల, ముఖ్య అతిథి మిసెస్ హార్‌గ్రోవ్. అదే రోజు నాలుగింటికి పోస్టాఫీసు బండి వచ్చి సంచులు తీసుకెళ్తుంది. దేశమంతటా లైబ్రరీలకు, చందాదారులకు. పొద్దున్నే నేను కారు తీసుకుని ఆమెను వెంటబెట్టుకు రావడానికి లారెల్టన్ వెళ్ళాను. కొత్త సంచిక నా సంచీలో ఉంది.

ఆమె వరండాలో తయారుగా కూర్చుని ఉంది. నీలం సూటు, అదే రంగు టోపీ, చేతులకు తొడుగులు. ఒళ్ళో అట్టపెట్టె, అందులో వేయించిన కోడి, పౌండ్ కేకు. దారిలో హోటళ్ళున్నాయని చెప్పాను. మమ్మల్ని హోటళ్ళలోకి రానివ్వని రోజుల్లో పెట్టె కట్టుకోవడం అలవాటైందనీ, ఇప్పుడు రానిచ్చినా కోడి తనలా ఎవరూ వేయించరనీ అంది. కారెక్కబోతూ రక్తపోటు మాత్రలు అయిపోయాయని గుర్తు చేసుకుంది. మందుల షాపు దగ్గర ఆపాను.

కౌంటర్ వెనక కొత్తగా చేరిన తెల్లమ్మాయి. నోట్లో చూయింగ్ గమ్. పేరడిగింది.

"హార్‌గ్రోవ్. మిసెస్ సి. వి."

"మొదటి పేరు చెప్పు హనీ."

"మిసెస్."

ఆ పిల్ల నవ్వింది. సి అంటే ఏంటో చెప్తే గానీ వెతకడం కుదరదంది. మిసెస్ హార్‌గ్రోవ్ కదల్లేదు. రెండు చేతులూ హ్యాండ్‌బ్యాగ్ మీద పెట్టుకుని నిలబడింది. వెనక వరస పెరిగింది. ఎవరో విసుక్కున్నారు. నాకు మొదట నవ్వొచ్చింది, తర్వాత ఆ పిల్ల మీద మండింది. ఆపైన నా సంచీ గుర్తొచ్చింది. అందులో ఆ పేరు అచ్చులో ఉంది. లోపలినుంచి ముసలి కాంపౌండర్ పరుగున వచ్చి, "మిసెస్ హార్‌గ్రోవ్ గారి మాత్రలు అక్కడే ఉన్నాయి, ఇచ్చెయ్" అన్నాడు. ఆమె అతనికి తల వంచి థాంక్స్ చెప్పి బయటికి నడిచింది.

ఊరు దాటాం. తర్వాత ఏమీ ఎరగనట్టు, పేరు చెప్తే పోయేదేముందండీ అన్నాను. నా గొంతు నాకే దొంగ గొంతులా వినిపించింది.

ఆమె కిటికీలోంచి చూస్తూనే చెప్పింది. ముప్ఫై రెండులో బట్టల కొట్టుకు కొత్త యజమాని వచ్చాడు. దారం, గుడ్డ అక్కడే కొనాలి. ఖాతా తెరవాలంటే మొదటి పేరు చెప్పమన్నాడు. తెల్లామె వస్తే మిసెస్ ఫలానా అంటాడు, నల్లామె ముసలిదైనా సరే పనిపిల్లను పిలిచినట్టు పేరు పెట్టి పిలుస్తాడు. పిలవడానికి పేరే దొరక్కపోతే ఏం చేస్తాడు? అందుకని ఊళ్ళో మావాళ్ళు చాలామంది ఉత్త అక్షరాలతోనే తిరిగేవాళ్ళు. ఈమె కూడా సి. వి. అంది. అతనికి పంతం పట్టింది. ఆమె భర్త పనిచేసే కోతమిల్లు యజమానికి కబురుపెట్టాడు.

"మిల్లాయన మా ఆయన్ని పిల్చి నీ పెళ్ళాం పేరేంట్రా అన్నాడు. మిసెస్ హార్‌గ్రోవ్ అండీ అన్నాడు మా ఆయన. ఉద్యోగం పోయింది. మర్నాడు రోడ్డు మీద ముగ్గురు పట్టుకుని అదే అడిగారు. ఒక్క మాట అమ్మాయ్, చెప్తే వదిలేసేవాళ్ళు. చెప్పలా. కాలు విరగ్గొట్టారు. చచ్చేదాకా కుంటుతూనే నడిచాడు."

కాస్త ఆగి, ఆ పేరు తల్లి పెట్టిందనీ, తర్వాత భర్త ఒక్కడే పిలిచేవాడనీ చెప్పింది. అతను పోయి పదేళ్ళు దాటింది. ప్రభుత్వం దగ్గర మాత్రం ఉంది, పింఛను కోసం. "గవర్నమెంటు సొరుగులో పెట్టి తాళం వేసుకుంటుందిలే, భోజనానికి నన్ను పేరు పెట్టి పిలవదుగా" అని నవ్వింది.

ఆ నవ్వు నన్ను పొడిచింది. నేను ఏమీ చెప్పకుండా అట్లాంటా చేరిపోవచ్చు. అప్పుడు వేదిక మీద, పూలగుత్తి చేతిలో ఉండగా, అంతమంది ముందు ఆమె ఆ పేజీ తెరుస్తుంది.  పీచ్ పళ్ళ తోటల పక్కన కారు ఆపి, ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆమె అద్దాలు తీసి పెట్టుకుంది. పుస్తకం ఇమ్మంది. మొదటి పేజీ చదివింది, తర్వాతది చదివింది, చివరిదాకా చదివింది. పక్కనుంచి లారీలు మా కారును ఊపేస్తూ పోతున్నాయి. తిట్టినా బాగుండేది. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని, పైన తొడుగు వేసిన చేతిని ఉంచింది.

"ఆ పిల్ల బాగా రాసింది. మీ పెద్దామె ఎవరు?"

చెప్పాను.

"పద ఆమె దగ్గరికి."

ఇక దారి పొడవునా ఆమె పుస్తకం మీంచి చెయ్యి తియ్యలేదు. కోడి పెట్టె తెరవనే లేదు.

మేం మెట్లు దిగేసరికి మూడు దాటింది. రెనీటా సంచుల మూతులు కడుతోంది. పైన హాల్లో కుర్చీలు లాగుతున్న చప్పుడు వినిపిస్తోంది. డాక్టర్ ట్రింబుల్ చేతులు చాచి ఎదురొచ్చింది. నేను మధ్యలో దూరి విషయం చెప్పాను. రెనీటా చేతిలోని తాడు వదిలేసింది. తాను బహుమతి ఇస్తున్నాననుకున్నానని గొణిగింది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

డాక్టర్ ట్రింబుల్ మాత్రం చెక్కు చెదరలేదు. ముసలామెను కుర్చీలో కూర్చోబెట్టి, తను ఎదురుగా కూర్చుంది. తొందరపాటు జరిగింది, ముందే అడగాల్సిందని ఒప్పుకుంది. కానీ సంచికను ఆపనంది. అమ్మమ్మ ఫొటో సంగతి చెప్పింది. కుక్క దగ్గర గొంతు గట్టిపడింది.

"మన ఆడవాళ్ళని పేరు లేకుండా పూడ్చిపెట్టారు మిసెస్ హార్‌గ్రోవ్. వందేళ్ళ తర్వాత ఎవరో అమ్మాయి లైబ్రరీలో ఈ పుస్తకం తెరిస్తే, మీరెవరో దానికి తెలియాలి కదండీ."

"తెలియాలి. మిసెస్ సి. వి. హార్‌గ్రోవ్ అని తెలుస్తుంది. ఇంకా ఏం కావాలండీ దానికి? నాతో కాపురం చేస్తుందా?"

నాకు నవ్వు ఆగలేదు, డాక్టర్ ట్రింబుల్ చూపు తగిలి ఆగింది.

"వాళ్ళు దాచిన పేరుని మీరూ దాస్తే ఇంక మిగిలేదేముంది?"

"వాళ్ళెక్కడ దాచారండీ? వాళ్ళు అడిగారు. దాచింది నేను." ముసలామె గొంతు పెంచలేదు. "మీ అమ్మమ్మ పేరుని వాళ్ళు రాయకుండా తీసుకున్నారు. నా పేరుని మీరు రాసి తీసుకున్నారు. పోగొట్టుకున్నదానికి రెండూ ఒకటే."

డాక్టర్ ట్రింబుల్ పెదవులు బిగించింది. ఒకరి కోసం నియమం సడలిస్తే రేపు ఇంకొకరు వస్తారంది. బండి వచ్చే వేళయిందని నన్ను గడియారం చూడమంది. ఆమె మంచి మనిషి, నాకు తెలుసు. కానీ ఆ నిమిషాన ఆమెను చూస్తే నాకు మందుల షాపు కౌంటర్ గుర్తొచ్చింది. ఆ పోలిక తప్పని నన్ను నేను ఎంత కోప్పడినా పోలేదు.

మిసెస్ హార్‌గ్రోవ్ ఒళ్ళోని పుస్తకం తెరిచింది. తన పేజీ కాదు, లోపలి మొదటి పేజీ. వేలు పెట్టి చదివింది.

"సంపాదకురాలు, డాక్టర్ ఓ. బి. ట్రింబుల్." తలెత్తింది. "ఈ ఓ ఏంటండీ?"

 ఇన్నేళ్ళలో ఎవరికీ ఆ ప్రశ్న తోచలేదు. నేను ప్రతి సంచికకూ ఆ వరస ప్రూఫు దిద్దాను, ఓ పక్కన చుక్క పడిందా లేదా అని చూశాను, అంతే. ఎంతమంది ఆడవాళ్ళ పేర్లకో ఎర్ర పెన్సిల్ పెట్టిన మనిషి తన పేరు దగ్గర చుక్క పెట్టి ఊరుకుంది. డాక్టర్ ట్రింబుల్ చెయ్యి చాచి ఆ పేజీని తనవైపు తిప్పుకుంది. 

బయట పోస్టాఫీసు బండి హారన్ మోగింది.

మళ్ళీ మోగింది. ఎవరం కదల్లేదు. సంచులన్నీ మూతులు కట్టి గోడకు ఆనించి ఉన్నాయి. మిసెస్ హార్‌గ్రోవ్ వాటివైపు చూడలేదు, డాక్టర్ ట్రింబుల్ ముఖమే చూస్తోంది. బతిమాలడం లేదు, బెదిరించడం లేదు. అడిగిన ప్రశ్నకు జవాబు కోసం కూర్చుంది.

"వెర్డెల్, సోమవారం రమ్మని చెప్పు" అంది డాక్టర్ ట్రింబుల్. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

డ్రైవర్ చేత నాలుగు తిట్లు తిని తిరిగొచ్చేసరికి లోపల ఇంకో గొడవ. రెనీటా నల్ల సిరా మార్కర్ తీసి, మొదటి పుస్తకంలో పేరు కొట్టేయబోయింది. డాక్టర్ ట్రింబుల్ ఆమె మణికట్టు పట్టుకుంది. వ్యాసం చించేద్దాం, సంచికే తగలబెడదాం గానీ, నల్ల స్త్రీ పేరు మీద తన గదిలో సిరా పుయ్యనివ్వనంది. 

మిసెస్ హార్‌గ్రోవ్ తొడుగులు విప్పి బ్యాగులో పెట్టుకుంది.

"బట్ట చిరిగితే సిరా పొయ్యరు పిల్లా, మాసిక వేస్తారు. అవేంటి?"

టేబులు మీద చిరునామాలకు వాడే జిగురు చీటీల కట్ట ఉంది. నేను టైపు మిషన్ ముందు కూర్చుని 'మిసెస్ సి. వి. హార్‌గ్రోవ్' అని కొట్టడం మొదలుపెట్టాను. చీటీ సరిగ్గా ఎంత ఉండాలో ఆమె పేజీ మీద వేలితో కొలిచి చూపించింది. పక్కనున్న అక్షరం ఒక్కటి కూడా మూయకూడదంది, కత్తెర నా చేతిలోంచి లాక్కుంది.

పైన టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు వచ్చేస్తున్నారు. డీన్ గారు దిగొచ్చి తలుపు కొట్టి, సాయానికి పదిమందిని పంపనా అని అడిగింది. వద్దని లోపలినుంచే చెప్పాం. ఎలా పంపించుకుంటాం? అంటించడానికి కూర్చున్న ప్రతి మనిషీ ఆ పేరు చదువుతుంది. తెలిసిపోయిన మేం నలుగురమే ఆ పని చెయ్యాలి. తలుపు గడియ వేసి, ఈ సాయంత్రం పంచడానికి చాలినన్ని ముందు వేసుకున్నాం.

కాసేపటికి రెనీటా భయపడుతూ అడిగింది, ఎవరైనా చీటీ పీకి చూస్తేనో అని.

"పీకితే పీకుతారు" అంది మిసెస్ హార్‌గ్రోవ్, తలెత్తకుండా. "గౌను కింద లోపావడా ఉంటుందని ఊరందరికీ తెలుసు. ఎత్తి చూసేవాడెవడో కూడా ఊరికి తెలుస్తుంది."

ఈసారి డాక్టర్ ట్రింబుల్ కూడా నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. అంటించిన చీటీని బొటనవేలితో రుద్దుతూనే ఉంది, అంటుకుపోయిన తర్వాత కూడా.

"మ్యూజియం ఆయన నన్నడిగాడు" అంది. ఎవరితో అంటోందో మొదట అర్థం కాలేదు. "మీ అమ్మమ్మ పేరు చెప్పండమ్మా, ఇవాళే రాయించేస్తాను అన్నాడు. మర్యాదగానే అడిగాడు, పెన్ను కూడా తీశాడు. దానికోసమే వెళ్ళాను నేను. తీరా అక్కడ నిలబడ్డాక, ఆ ఇంటివాళ్ళ ఫొటోల మధ్య, నాకు నోరు రాలేదు. ఇప్పటికీ అక్కడ ఆయా అనే ఉంది." చీటీ మీద నుంచి వేలు తీసింది. "ఈ ఓ ఆమెదేనండీ. ఆమె పేరే నాకు పెట్టారు."

కుక్క దగ్గర ఆగిపోయే ఆ కథకు మిగతా సగం ఉందని నాకు ఆ రోజే తెలిసింది. రెనీటా నా వైపు చూసింది. నేను టైపు మిషన్ వైపు చూశాను. అక్కడ ఉండకూడదనిపించింది, పోవడానికి దారి లేదు.

మిసెస్ హార్‌గ్రోవ్ కత్తెర కింద పెట్టి, కుర్చీని దగ్గరికి జరుపుకుంది. టోపీని కాస్త పక్కకు తోసి చెవి చూపించింది.

"నాది నీకు తెలిసిపోయిందిగా. నీది చెప్పు."

అప్పటిదాకా ఆమె మీరు తప్ప అనలేదు. డాక్టర్ ట్రింబుల్ చిన్నపిల్లలా వంగి ఆ చెవిలో ఏదో అంది. ఒక్క మాట. మాకు వినపడలేదు, వినాలని మేం ప్రయత్నించలేదు. ముసలామె కళ్ళు మూసుకుని విన్నది.

"మంచి పేరు తల్లీ" అంది. "దాచుకో."

తర్వాత అట్టపెట్టె తెరిచి, ఆకలితో మెట్లెక్కితే కళ్ళు తిరుగుతాయని అందరికీ తలో కోడి ముక్కా పెట్టింది. జిగురు చేతులు కడుక్కుని తిన్నాం. పైన హాల్లో ఆమె పేరు ప్రకటించింది డాక్టర్ ట్రింబులే. మిసెస్ సి. వి. హార్‌గ్రోవ్ అనగానే హాలంతా లేచి నిలబడింది.

మిగతావి శని, ఆదివారాల్లో పూర్తిచేశాం. సోమవారం బండిలో సంచులన్నీ వెళ్ళాయి, ప్రతి పుస్తకానికీ మూడు మాసికలతో. తర్వాతి సంచికకు నియమంలో ఒక మాట చేరింది: పేరు ఎవరిదో వాళ్ళను అడిగి వెయ్యాలి. లోపలి మొదటి పేజీలో ఎప్పటిలాగే డాక్టర్ ఓ. బి. ట్రింబుల్ అని పడింది. ప్రూఫు దిద్దింది నేనే. చుక్క సరిగ్గా ఉందో లేదో రెండుసార్లు చూశాను.